అమ్మ పేరు పెట్టని బాతు

మా ఊరికీ బడికీ మధ్య ఒక ఉప్పుటేరు ఉండేది. దాని మీద వంతెన లేదు. పడవ ఉండేది కానీ, అది ఏటి పోటును బట్టి, పడవవాడి మనసును బట్టి కదిలేది. నాకు బడి ఈడు వచ్చిన ఏడు ఒక సాయంత్రం ఆ పడవ నిండా పిల్లలతో ఒక పక్కకు ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, పుస్తకాలు మాత్రం తడిశాయి. ఒడ్డున నిలబడి అది చూసిన మా అమ్మ, "చదువు ఏటి అవతలే ఉంటుందేమిటి, ఇవతల ఉండదా?" అని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టింది.

అమ్మ మిషను బడిలో ఎనిమిది దాకా చదివింది. ఆ ఎనిమిదినే సాగదీసి నాకు పది దాకా చెప్పింది. పొద్దున్నే అరుగు మీద పలక, లెక్కలు. వంట చేస్తూ తెలుగు. ఎండ చల్లబడ్డాక సైన్సు. సైన్సంటే ఏటి కరకట్ట మీద నడకే. నేను రాసిన జవాబు సరైనదైతే దాని కింద పలక మీద రెండు గీతలు గీసేది. టిక్కు పెట్టడం ఆమెకు తెలియదో, నచ్చదో గానీ, మా ఇంట్లో ఒప్పు అంటే రెండు గీతలే. ఆ గీతలు పడ్డ రోజు నేను పలక తుడవకుండా పడుకునేదాన్ని.

కరకట్ట మీద అమ్మ నాకు పిట్టల పేర్లు నేర్పింది. నీళ్లలో మునిగి లేచి, రాయెక్కి, గుళ్లో స్తుతికి చేతులెత్తినట్టు రెండు రెక్కలూ చాపి ఎండకు నిలబడేది స్తుతికాకి. బూడిదరంగు కోటు వేసుకుని, మెడ భుజాల్లోకి లాక్కుని, నిద్రపోతున్నాడో ఆలోచిస్తున్నాడో తెలియకుండా నిలబడే పెద్ద కొంగ సంఘపెద్ద. తెల్లనివీ నల్లనివీ కలిపి కట్టుకుని, దారిలో కనబడ్డ ప్రతివాళ్లకూ తోకతో వందనాలు చెబుతూ, ఎక్కడా నిలవకుండా పరిగెత్తే చిన్నపిట్ట పాస్టరమ్మ. గట్టు పక్కన మట్టిరంగులో ముడుచుకుని కూర్చుని, దగ్గరికి వెళ్లేసరికి ఒక్కసారిగా తెల్లటి రెక్కలు విప్పి లేచేది ఆదివారం కొంగ. మా వాళ్లు ఆరు రోజులు ఏ చీరలో పనిచేసినా ఆదివారం గుడికి తెల్లచీర కట్టుకునే వెళతారు కదా, అందుకు.

పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టాను. సైన్సు పేపర్లో నీటిపక్షులకు ఉదాహరణలు రాయమన్నారు. ఇది మనకు వచ్చిన ప్రశ్నే అనుకుని స్తుతికాకి, సంఘపెద్ద, ఆదివారం కొంగ అని గుండ్రటి అక్షరాలతో రాసి, అలవాటు కొద్దీ కింద రెండు గీతలు కూడా నేనే గీసి వచ్చాను. ఆ పేపరు దిద్దిన మాస్టారెవరో గానీ దయగలవారు. పాసయ్యాను.

ఆ పేర్లు లోకంలో మరెవరికీ తెలియవని నాకు తెలిసింది పెళ్లయి, కొండాపూర్ వచ్చి, ట్యూషన్లు చెప్పుకుంటూ బతుకుతున్న రోజుల్లో. మా ఎదురు ఫ్లాటు అక్క నన్ను మొదటిసారి చలికాలంలో లింగంపల్లి అవతలి చెరువుకు తీసుకెళ్లింది. ఆమెది సంగారెడ్డి వైపు. ఒక పెద్ద కంపెనీలో, వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. వారమంతా తెర మీద తప్పులు వెతికి వెతికి కళ్లు మండుతుంటే, శనివారం పొద్దున చెరువు గట్టెక్కి పిట్టల్ని చూడటం ఆమె పెట్టుకున్న వైద్యం.

గట్టెక్కగానే చెరువు మధ్య రాతి మీద రెక్కలు చాపుకుని నిలబడి ఉంది. నాకు మా ఊరు వచ్చేసినట్టే అయింది. "అక్కా, అదిగో స్తుతికాకి!" అన్నాను గట్టిగా.

పక్కన మోచేయంత కెమెరా పట్టుకున్న పెద్దమనిషి నావైపు తిరిగి, మర్యాదగా మళ్లీ చెరువు వైపు తిరిగాడు. అక్క మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఏందీ?"

"స్తుతికాకి."

"నీటికాకి గద చెల్లె అది! స్తుతేంది?"

"మరి దాన్ని?" అని గట్టు పక్కన ముడుచుకున్నదాన్ని చూపించాను.

"గుడ్డికొంగ. పక్కకు పోయినా కదలది, కండ్లు కనవడయ్ అనుకుంటరు."

"అదిగో, ఆ సంఘపెద్దని?"

"ఆ బూడిదదా? నారాయణ పక్షి."

ఇంటికి రాగానే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, స్తుతికాకి అని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేవిటే? దాన్ని చూస్తే తెలియడం లా?"

"మరి సంఘపెద్ద?"

"మన సంఘపెద్దని నువ్వు చూళ్లేదూ?"

అంతే. ఇన్నేళ్లూ మా ఊరివాళ్లు అందరూ పిలిచే పేర్లనుకున్నవి అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, కొంగు దులుపుకుని, చూసి పెట్టిన పేర్లు. నేను ఈ సంగతి చెబితే అక్క మెట్ల రెయిలింగు పట్టుకుని నవ్వింది. ఆ మరుసటి శనివారం నుంచి ఆమె కూడా అవే పేర్లు. నా దగ్గరికి ట్యూషనుకు వచ్చే పిల్లలకూ అవే వచ్చేశాయి. మా అపార్ట్‌మెంట్ వెనక నీళ్ల ట్యాంకు మీద వాలే చిన్నపిట్టను లిఫ్టులో ఎవరైనా "పాస్టరమ్మ వచ్చింది" అంటే ఇప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన చలికాలం నుంచీ శనివారం నడకకు ఆమె కూడా తయారు. మా ఆయనకు రాత్రి షిఫ్టు. డ్యూటీ దిగి నేరుగా కారు తెచ్చి కింద ఆపుతాడు. ఫ్లాస్కులో టీ, మడత స్టూలు, అమ్మకు శాలువా, దాని మీద మంకీ క్యాపు. బయల్దేరే ముందు కార్లోనే అమ్మ చిన్న ప్రార్థన చేస్తుంది. అక్క కూడా కళ్లు మూసుకుని కూర్చుని, మా ఇద్దరికంటే గట్టిగా "ఆమెన్" అని, ఆ తర్వాత తన తాళాల గుత్తికి ఉన్న చిన్న ఆంజనేయుణ్ణి కళ్లకద్దుకుంటుంది. "ఎవ్వరికీ తక్కువ చెయ్యద్దు పెద్దమ్మా," అంటుంది. అమ్మ ముసిముసిగా నవ్వుతుంది.

చెరువు దగ్గర మమ్మల్ని దింపి మా ఆయన కారులోనే సీటు వెనక్కి వాల్చి పడుకుంటాడు. అమ్మ వచ్చిన రెండో చలికాలం, ఒక పొద్దున పొగమంచులో అమ్మ చెవి ఒగ్గి, "ఇదేదో కొత్త పిట్టే. గొంతు బొంగురుగా ఉంది," అంది.

"మీ అల్లుడు పెద్దమ్మా," అంది అక్క.

అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం. కానీ అమ్మకు ఆ చలికాలం పిట్టల్ని చూడటం కంటే వినడమే ఎక్కువైందని ఆ రాత్రి పక్కబట్టలు వేస్తుంటే నాకు తట్టింది.

నిజానికి మాకు తెలియని విషయం కాదు. వానాకాలంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చిన్నవాడు, నెమ్మదస్తుడు. "రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయండి. ముందు కుడికన్ను చేద్దాం. ఆలస్యం చేసేకొద్దీ మాకూ కష్టం, మీకూ కష్టం," అన్నాడు.

"స్తోత్రం చెప్పుకోవడానికి ఈ చూపు చాలు బాబూ," అంది అమ్మ.

ఆయన పెన్ను ఆపి నావైపు చూశాడు. నేనేం వాదించను? ఆ స్తోత్రాల పాఠం నాకు నేర్పిందే ఆమె. మా ఇంట్లో పడుకునే ముందు ఆ రోజు అందిన మేళ్లన్నీ పేరు పేరునా చెప్పుకోవాలి. అన్నం మాడకపోవడం, వాన ఆగి బట్టలు ఆరడం, నాకు గుణింతం రావడం, అన్నీ. అవన్నీ అయ్యాక గానీ దేవుణ్ణి ఏదైనా అడగకూడదు. అప్పటికి నిద్ర వచ్చేసేది కాబట్టి మా ఇంట్లో అడగడం అంటూ పెద్దగా అలవాటు కాలేదు. అమ్మకైతే అడగడమంటేనే సిగ్గు. పొరుగింట చారెడు కందిపప్పు అడగని మనిషి దేవుణ్ణి కొత్త చూపు అడుగుతుందా?

"ఇన్నేళ్లు చూశాయి. ఇంకా కావాలంటే ఆయన ఇచ్చింది చాల్లేదన్నట్టు కాదూ?" అనేది. మరోసారి, కొంచెం గొంతు తగ్గించి, "కన్ను తెరిచి ఉండగానే కత్తి పెడతారటే," అంది. ఆ రెంటిలో ఏది అసలు కారణమో ఆమెకైనా తెలుసో లేదో.

క్రిస్మస్ నెల వచ్చింది. మా బాల్కనీలో కాగితపు స్టారు కట్టి వెలిగించాం. ఆ సాయంత్రం అమ్మ సరిగ్గా దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుని, "చీకటి పడింది కదా, స్టారు వెయ్యలేదేం?" అని అడిగింది.

మా ఆయన నా మొహం చూశాడు. "కరెంటు పోయిందత్తయ్యా," అన్నాడు.

ఎదురుగా ఆఫీసు టవర్లు అంతస్తు అంతస్తునా వెలిగిపోతున్నాయి. అమ్మ "సరేలే, వస్తుంది," అని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను లోపలికి వెళ్లి చాలాసేపు ఉల్లిపాయలు తరిగాను.

ఆ నెలలోనే చెరువుకు కొత్త బాతులు వచ్చాయి. ముందు అక్కే చూసింది. అవతలి ఒడ్డు దగ్గర నీళ్లు తగ్గి బురద తేలిన చోట, మామూలు బాతుల కంటే పెద్దవి, లేత బూడిదరంగువి, ఒక గుంపు. బైనాక్యులర్స్ నాకిచ్చింది. తెల్లటి తల, తల వెనక ఒకదాని కింద ఒకటి రెండు నల్లటి పట్టీలు. హిమాలయాల మీంచి ఎగిరి వస్తాయని, ఎండలు ముదరక ముందే మళ్లీ అటే వెళ్లిపోతాయని అక్క చెప్పింది.

"మంచుకొండలు దాటా? ఇంత దూరమా?" అమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. "మన ఏటికి ఇవి రాలేదే. ఏవీ, ఎక్కడ?"

బైనాక్యులర్స్ ఆమె కళ్లకు పెట్టాం. అక్క వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని అటు తిప్పింది. అమ్మ చాలాసేపు చూసింది. చూపు సరిచేసే చక్రం నేను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

"తెల్లగా ఏదో మరక ఉంది," అంది చివరికి.

"అదే పెద్దమ్మా! గవే. ఇగ వాటికి పేరు పెట్టు," అంది అక్క.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "మొహం చూడకుండా పేరు పెట్టకూడదమ్మా. పిల్లకైనా పిట్టకైనా." బైనాక్యులర్స్ నాకు తిరిగి ఇచ్చేసి, కూర్చుని, శాలువా సవరించుకుంది. "బోలెడంత దూరం నుంచి వచ్చాయి పాపం," అంది కాసేపయ్యాక. 

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. అవి వెళ్లిపోయేలోగా అమ్మ కన్ను బాగుపడాలి. నేను అడగడం నేర్చుకోనిదాన్నే అయినా, ఆ చలికాలం పడుకునే ముందు మేళ్లన్నీ గబగబా చెప్పేసి, నిద్ర రాకముందే ఆ ఒక్కటీ అడిగేదాన్ని. అమ్మతో మాత్రం గట్టిగా అనలేకపోయాను. క్రిస్మస్ అయ్యాక అంది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక అంది. చలి తగ్గాక అంది. చలి తగ్గితే బాతులు ఉండవు.

జనవరిలో ఒక శనివారం మంచు దట్టంగా ఉంది. గట్టు కింద గుర్రపుడెక్క, దాని పక్కన జమ్ము. అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి అక్కా నేనూ టీ పోసుకుంటున్నాం. మంచు కొంచెం విడగానే అమ్మ చెయ్యి చాపింది.

"అదిగోనే, ఆదివారం కొంగ. చూశావా, రెక్కలు విప్పింది."

జమ్ములోకి చూశాను. తెల్లగా ఏదో ఉంది.

"లేవడం లేదు చూడు. మనల్ని చూసి కూడా భయపడటం లేదు. ఒక కాలు ముందుకేసింది. ఇప్పుడు వంగింది, చేప కనబడి ఉంటుంది. అబ్బ, ఎంత తెలుపే! బల్లారాధన ఆదివారం మన గుళ్లో చీరల్లా. దేవా, ఈ పొద్దుటికి స్తోత్రం. ఈ కొంగకి స్తోత్రం. దాన్ని చూసే కళ్లు మిగిల్చినందుకు స్తోత్రం."

చేతులు జోడించి, కళ్లు మూసుకుంది. మొహం వెలిగిపోతోంది. జమ్ములో ఉన్నది మాత్రం కొంగ కాదు. సూపర్ మార్కెట్ వాళ్లిచ్చే తెల్లటి కవరు. ఒక చెవి జమ్ము కర్రకు తగులుకుని, గాలికి ఉబ్బి, వంగి, లేస్తోంది.

నేను అక్క వైపు చూసి వద్దని కళ్లతో బతిమాలాను. అక్క పెదాలు బిగబట్టింది. టీ కప్పు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఒకసారి ఆకాశం వైపు చూసింది. తప్పు కళ్లెదుట కనబడుతుంటే ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదని నాకు తెలుసు.

"పెద్దమ్మా," అంది. "జర ఏమనుకోకు. అది కొంగ గాదు."

అమ్మ కళ్లు తెరిచింది. "మరి?"

"కవరు. కూరగాయల కవరు."

 దూరంగా తీతువు ఒకటి అరిచి ఊరుకుంది. అమ్మ మళ్లీ అటు చూసింది. కళ్లు చికిలించి, శాలువా అంచుతో తుడుచుకుని, మళ్లీ చూసింది.

"ఏవే?" అని నన్ను అడిగింది.

"అవునమ్మా," అన్నాను.

"నేను... కవరుకి స్తోత్రం చెప్పానా?"

ఏడుస్తుందేమోనని ముందుకు వంగాను. అమ్మ భుజాలు కదిలాయి. ముందు మెల్లగా, తర్వాత మంకీ క్యాపు జారిపోయేంతగా. నవ్వుతోంది. అక్క ఎక్కడ తప్పు చేశానో అని బిక్కమొహం వేసుకున్నది కాస్తా, అది చూసి, టీ ఒలకబోసుకుంటూ గట్టు మీదే కూలబడింది. నేనూ ఆపుకోలేకపోయాను. కెమెరాలవాళ్లు ఎవరో "ష్" అన్నారు.

"కాలు ముందుకేసిందన్నవ్ పెద్దమ్మా!"

"చేపని కూడా చూశానే తల్లీ!"

నవ్వంతా అయిపోయాక అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెరువు వైపు తిరిగి కూర్చుంది. నవ్వు పోయిన చోట ఆమెకు అలవాటైన ఆ పాఠం చెప్పే మొహం వచ్చింది.

"ఇది బాగాలేదే," అంది. "ఆయన అంత కష్టపడి కొంగని చేశాడు. నేను కవరుని చూసి వందనాలు చెబితే ఆయనకేం మర్యాద? దేనికి చెబుతున్నామో తెలియకుండా చెప్పేదాన్ని స్తోత్రం అంటారా? పలక చూడకుండా రెండు గీతలు గీసినట్టు."

అమ్మ నావైపు తిరిగింది.

"ఆ పిల్ల డాక్టరు... వచ్చే వారం ఉంటాడా?"

"ఉంటడు పెద్దమ్మా," అంది అక్క, ఆయనెవరో ఎప్పుడూ చూడకపోయినా. "లేకపోతే నేను వట్టుకొస్త."

కుడికంటికి ఆపరేషన్ అయింది. అమ్మ భయపడ్డ కత్తి సంగతి ఏమయిందంటే, లోపల వెలుతురు తప్ప ఏమీ కనబడలేదట. డాక్టరు పని చేస్తున్నంతసేపూ ఆమె మెల్లగా ప్రార్థన చేసుకుంటుంటే, ఆయన "అమ్మా, పెదాలు కదలొచ్చు గానీ తల కదపొద్దు," అన్నాడట. మర్నాడు పొద్దున కట్టు విప్పగానే అమ్మ మొదట నన్నే చూసింది. నేను కళ్లనీళ్లతో నిలబడ్డాను.

"జుట్టు ఇంత నెరిసిందేమిటే నీకు?" అంది. "ఎవరూ నాకు చెప్పలేదే."

ఇంటికి వచ్చాక ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము, గుమ్మం పైన బూజు, మా ఆయన చొక్కాకు లేని గుండీ, ఒక్కొక్కటే ఆమె కంట పడుతూ వచ్చాయి. తన చేతులు తిప్పి తిప్పి చూసుకుని, "ఇవి మా అమ్మ చేతులే," అంది ఆశ్చర్యంగా. బాల్కనీలో ఇంకా విప్పని కాగితపు స్టారును చూసి, "ఎర్రదా ఇది? తెల్లదనుకున్నాను," అంది. మా ఆయన మెల్లగా లోపలికి తప్పుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక పెట్టిన నియమాలే మా ప్రాణం తీశాయి. చుక్కలు, నల్లద్దాలు, తలస్నానం వద్దు, దుమ్ము వద్దు, చలిగాలి వద్దు. చెరువు మాట ఎత్తితే డాక్టరు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇటు ఎండలు మొదలయ్యాయి. రాత్రి ఫ్యాన్లు వేసుకుంటున్నాం, దుప్పట్లు మడిచి పైన పెట్టేశాం. ప్రతి శనివారం అక్క ఒక్కతే వెళ్లి, వస్తూనే చెప్పులు విప్పకుండా గుమ్మంలోంచి కేకేసేది.

"ఉన్నయ్ పెద్దమ్మా! ఆగినయ్."

"ఎన్ని ఉన్నాయే?"

"జర తగ్గినయ్. కానీ ఉన్నయ్. ఫికర్ జెయ్యకు, నువ్వొచ్చేదాక పోవద్దని చెప్పొచ్చిన."

"నీ మాట వింటాయా అవి?"

"ఆంజనేయునికి గూడ చెప్పిన."

అమ్మ నవ్వి ఊరుకునేది గానీ, ఆ సాయంత్రాలు బాల్కనీలో నిలబడి టవర్ల మీది ఆకాశం వైపు చూసేది. పడుకునే ముందు ఆమె చెప్పుకునే మేళ్లు నాకు గోడ అవతల నుంచి వినబడేవి. ఒక రాత్రి అవన్నీ అయ్యాక కూడా ఆమెన్ వినబడలేదు. తర్వాత, ఎవరింటి గుమ్మం ముందో నిలబడి చారెడు పప్పు అడుగుతున్నట్టు, "ఆ బాతులు కొంచెం ఆగితే బాగుండును తండ్రీ," అంది. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ తనకోసం ఏదైనా అడగడం వినడం అదే మొదలు.

డాక్టరు సరేనన్న వారం మేం వెళ్లేసరికి చెరువు బాగా తగ్గిపోయి ఉంది. గట్టు మీద మునుపటి చలి లేదు. కెమెరాలవాళ్లు కూడా పల్చబడ్డారు. శాలువా లేదు, మంకీ క్యాపు లేదు, వాటి స్థానంలో నల్లద్దాలు. "పెద్దమ్మ సినిమావాళ్ల లెక్కనే ఉన్నది," అని అక్క గట్టంతా నవ్వించింది.

అమ్మ స్టూలు మీద కూర్చోకుండా గట్టు అంచుదాకా నడిచింది. అద్దాలు తీసింది. మొదట జమ్ము వైపే చూసింది. ఆ కవరు అక్కడే ఉంది, మాసిపోయి.

"అదేనా?" అంది.

"అదే," అన్నాను.

"అందులో కొంగ ఎక్కడ కనబడిందే నాకు!"

అక్క కిందికి దిగి, కర్రతో దాన్ని లాగి, ముడిచి తన సంచిలో వేసుకుంది. ఆమె అడుగుల చప్పుడుకు పక్కనే మట్టిలో మట్టిగా ఉన్నది ఒకటి లేచింది. తెల్లగా, నిజంగా తెల్లగా, నీళ్ల మీదుగా ఎగిరి అవతల వాలి, మళ్లీ మట్టయిపోయింది. అమ్మ చెయ్యి నా చేతిని పట్టుకుంది. "మెడ మీద ఎన్ని చారలే దానికి! మన ఏటి దగ్గర కూడా ఉండేవా? నేను సరిగ్గా చూడనే లేదన్నమాట." కళ్లు మూసుకోకుండానే స్తోత్రం అంది. అలా కళ్లు తెరుచుకుని స్తోత్రం చెప్పడం కూడా ఆ రోజే చూశాను.

బాతుల కోసం నేను అప్పటికే బైనాక్యులర్స్‌తో అవతలి ఒడ్డు వెతుకుతున్నాను. బురద ఖాళీగా ఉంది.  అక్క నా చేతిలోంచి లాక్కుని, రాళ్ల వెనక, తుమ్మచెట్ల కింద, ఆఫీసులో పాతుకుపోయిన తప్పును వెతికినట్టు వెతికింది.

"ఆగు చెల్లె. ఆ తుమ్మ నీడల. ఉన్నయ్, చిన్న గుంపే మిగిలింది. పెద్దమ్మా, రా రా!"

అమ్మకు ఇప్పుడు రెండు కళ్లకూ పెడితే పనికిరాలేదు. కుడికంటికి స్పష్టం, ఎడమకంటికి పాత మంచే. రెండూ కలిసి తల తిప్పుతున్నాయంది. అందుకని ఎడమ గొట్టానికి నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. అక్క భుజాలు పట్టుకుని తిప్పింది. చక్రం అమ్మే తిప్పుకుంది.

ఉన్నట్టుండి చక్రం మీది వేలు ఆగింది.

"అయ్యో," అంది చిన్నగా. "తల మీద రెండు గీతలే! ఎవరు గీశారే అంత తిన్నగా?"

నాకు మా అరుగు, పలక, సుద్దముక్క అంటిన ఆమె బొటనవేలు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి.  ఆమెకూ వచ్చిందో లేదో అడగలేదు. ఎడమ గొట్టం మీంచి అరచెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఇగ పేరు పెట్టు పెద్దమ్మా. గింత దూరం నుంచి వచ్చి, నీకోసం ఆగినయ్," అంది అక్క.

అమ్మ బైనాక్యులర్స్ దించింది. ఎడమకన్ను మూసి చూసింది. తెరిచింది. కుడికన్ను మూసింది. మళ్లీ తెరిచింది.

"ఒంటికంటితో పెడితే సగం పేరే అవుతుందమ్మా," అంది. "ఏవే, ఈ రెండోదానికి డాక్టరు గారు ఎప్పుడు రమ్మన్నారు?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడన్నారు."

"అయితే ఫోన్ చెయ్యి."

"ఇక్కణ్ణించా?"

"ఇక్కణ్ణించే. అవి వెళ్లకముందే చెయ్యి. మళ్లీ వచ్చేసరికి పేరు సిద్ధంగా ఉంచుతానని వాటికీ తెలియాలి కదా."

చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అక్క నవ్వింది. "ఇంకా దవాఖాన తెరవలే పెద్దమ్మా. ఏడు గూడ కాలే."

"తెరుస్తారులే," అంది అమ్మ. "ఆ స్టూలు ఇటు తిప్పు. అప్పటిదాకా కూర్చుందాం."

కారులోంచి మా ఆయన గురక సన్నగా వినబడుతోంది. అమ్మ ఎడమకంటిని అరచేత్తో తనే మూసుకుని, తుమ్మనీడ వైపు తిరిగి కూర్చుంది. నేను ఫ్లాస్కు మూత తీసి మొదటి కప్పు అక్కకిచ్చి, మళ్లీ నంబరు నొక్కాను.